అద్దం వెనక మూట

పెద్దవంగర బస్టాండు దగ్గర పోశాలు కటింగ్ షాపు ఎవరినడిగినా చూపిస్తారు. రేకుల కప్పు వేసిన ఇటుక గది, ఒకటే కుర్చీ, గోడకు వాల్చిన నిలువెత్తు అద్దం, బయట చెక్క బెంచి. ఆ కుర్చీలో కూర్చున్నాక ఎంతటి మొనగాడైనా మెడ వంచమంటే వంచాలి, గడ్డం ఎత్తమంటే ఎత్తాలి. "ఎమ్మార్వో సారు గూడ నా ముంగట నోరు మూసుకొని కూసుంటడు" అని పోశాలు ఇంట్లో గొప్పలు పోతుంటాడు. "కత్తి గొంతు మీదుంటే ఎవడు తెరుస్తడు నోరు?" అని భార్య యాకమ్మ గాలి తీసేస్తుంటుంది.

అయినా అతను గొప్పలు పోవడంలో న్యాయం ఉంది. అతని తాత కత్తెర్ల పెట్టె చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగినవాడు. ఎవరు పిలిస్తే వాళ్ల గడప ముందు మట్టిలో గొంతుక్కూర్చుని గడ్డాలు గీసేవాడు. పంటలప్పుడు కల్లం దగ్గర నిలబడితే ఇన్ని వడ్లు విదిలించేవాళ్లు. తండ్రి కూడా అదే పెట్టె మోశాడు. బచ్చన్నపేట దగ్గర వాళ్ల సొంతూళ్లో, పోశాలు ఇంకా నిక్కర్లు వేసుకునే రోజుల్లో, ఒక పెద్దమనిషి గడ్డం గీయించుకుని లేస్తూ కొట్టంలో కట్టేసిన ఎద్దును చూపించి, "గా ఎద్దు తోక గూడ జర కత్తిరించి పో" అన్నాడు. తండ్రి మారు మాట్లాడకుండా మనుషుల కత్తెరతోనే ఎద్దు తోక కుచ్చు కత్తిరించాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. తండ్రి కూడా వాళ్లతోపాటు నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే పోశాలుకు ఇప్పటికీ చెవులు కాలిపోతాయి.

అందుకే ఆ పెట్టె ముట్టనని పట్టుబట్టాడు. జనగామ స్టేషను దగ్గర ఒక సెలూన్లో నేల ఊడుస్తూ పని నేర్చుకున్నాడు. మేనమామ ఊరని పెద్దవంగర వచ్చి షాపు పెట్టాడు. దేవుడి దగ్గర పుట్టెంట్రుకలు తీయడానికి తప్ప ఇంకొకరి గడపకు పోలేదు. మనిషే తన దగ్గరికి రావాలి, తను మనిషి దగ్గరికి పోకూడదు. అతని బతుకంతా కలిపి చూస్తే సంపాదించుకున్నది ఈ ఒక్క మాటే. తండ్రి పెట్టె ఇంట్లో అటక మీద దుమ్ము కొట్టుకుని ఉంది.

అలాంటివాడి దగ్గరికి రామి కుక్కను తీసుకుని వచ్చింది.

రామిది ఊరికి దగ్గరి తండా. అరవై దాటిన మనిషి, ఇప్పటికీ పత్తి ఏరడానికి కూలికి పోతుంది. కొడుకు బిక్షపతి భూపాలపల్లిలో బొగ్గు గనుల దగ్గర కాంట్రాక్టు పని చేస్తాడు. అక్కడి కాలనీలో ఎవరో బదిలీ అయి పోతూ పోతూ సామానంతా లారీకి ఎక్కించి, పెంచుకున్న బొచ్చుకుక్కను గేటు బయట వదిలేసిపోయారు. మూసిన గేటు ముందు అది రోజులకు రోజులు పడి ఉంటే చూడలేక బిక్షపతి సంచిలో పెట్టుకుని బస్సులో తండాకు తెచ్చి తల్లికి అప్పజెప్పాడు. తెల్లగా ఉందని రామి తమ లంబాడీ భాషలో ధోళి అని పిలిచింది. తెల్లదనం పేరులోనే మిగిలింది. బొచ్చు అట్టలు కట్టి, లోపల గోమార్లు పట్టి, కుక్క లేవలేని స్థితికి వచ్చింది. పిడుదులని కూడా అంటారు వాటిని. చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో రక్తం తాగి ఆముదపు గింజల్లా ఉబ్బి ఉన్నాయి.

పశువుల దవాఖాన పోశాలు షాపుకు ఎదురుగానే, రోడ్డుకు అటువైపు. అక్కడి డాక్టరు సుష్మిత కుక్క పెదవి ఎత్తి చూసి, చిగుళ్లు పాలిపోయాయని, గోమార్ల జ్వరం మొదలైందని చెప్పింది. సూది వేసింది. దవాఖానలో ఉన్న మందు సీసాలో పోసిచ్చింది.

"ముందు ఈ బొచ్చంతా తీయించాలె అవ్వా. చర్మానికి తగలకపోతే ఎంత మందు రాసినా దండుగ. మీ వాళ్లు పత్తికి కొట్టే మందు పూస్తరు, ఆ పని మాత్రం చెయ్యకు. గోమార్ల కంటే ముందు కుక్కే పోతది."

"బొచ్చు ఎవలు తీస్తరమ్మా?"

"హన్మకొండకు తీస్కపోతే తీసేటోళ్లున్నరు. వాళ్ల రేటు నీతోని కాదు" అంటూ డాక్టరమ్మ తల ఎత్తింది. ఎదురుగా పోశాలు షాపు కనిపించింది. రామి కూడా అటే చూసింది.

రామి అడిగిన మాట విని పోశాలు ముందు చుట్టూ చూశాడు. అదృష్టం, షాపులో ఎవరూ లేరు.

"ఏందక్కా, నన్ను ఏమనుకున్నవ్? నేను మనుషులకు జేసెటోన్ని. ఎవలన్న ఇంటే రేపటి సంది నా కుర్చీల కూసుంటరా?"

"తప్పయితే ఇడిసిపెట్టు తమ్మీ" అంది రామి. పోలేదు మాత్రం. తండాకు పోయే ఆటో నిండేదాకా అని బెంచి చివర కూర్చుంది. కుక్కను ఒళ్లో పడుకోబెట్టుకుని ఒక్కొక్క గోమారినీ గోళ్లతో పీకి, రాయి మీద పెట్టి నలుపుతూ ఉంది. ఒక ఆటో పోయింది, ఇంకొకటి పోయింది. పోశాలు అద్దంలోంచి అటే చూస్తున్నాడు. ఆమె అలా పీకుతుంటే గోమారి తల లోపలే తెగి ఉండిపోతోంది. కుక్కకు నొప్పి పుడుతోంది కానీ అరిచే ఓపిక లేదు. అడ్డదిడ్డంగా పెరిగిన వెంట్రుకలు కనిపిస్తే పోశాలు చేతులు ఊరుకోవు, అది అతని జబ్బు. షాపు మూసే వేళకు బయటికొచ్చి, ఎటో చూస్తూ, గొంతు తగ్గించి అన్నాడు.

"మంగళారం రా. షాపుకు గాదు, మా ఇంటెనకకు. ఎవ్వలకు జెప్పకు."

మంగళవారం ఏ ఊళ్లోనైనా కటింగ్ షాపులు మూసి ఉంటాయి. ఆ రోజు కత్తెర పట్టడం వాళ్ల ఇంటావంటా లేదు. మనుషులకు లేదు గానీ కుక్కల సంగతి పెద్దలు ఎవరూ చెప్పలేదు కదా అని పోశాలు మనసుకు సర్దిచెప్పుకున్నాడు. పక్కన పడేసిన పాత కటింగ్ మిషను, ఒక పాత గుడ్డ, చిన్న పట్టకారు తీసుకుని పెరట్లో గోడ చాటున కూర్చున్నాడు. "మనుషుల తలకాయలు సరిపోలేదా?" అని యాకమ్మ మూతి తిప్పింది. అంటూనే ఉప్పునీళ్లు కలిపిన డబ్బా తెచ్చి పక్కన పెట్టింది. పీకిన గోమార్లను నలపకుండా అందులో వేయాలని డాక్టరమ్మ రామితో చెప్పి పంపింది.

ధోళి మొదట గుర్రుమంది. కుర్చీ ఎక్కి ఏడ్చే పిల్లలను లొంగదీసినవాడికి కుక్క ఒక లెక్కా? వెనక్కి తిప్పి మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని, ఎడమ అరచేతిలో దాని గడ్డం ఆనించి పైకెత్తాడు. మిషను ఆన్ చేసి, గిరాకీతో మాట్లాడినట్టే, "ఇగ జెప్పు, తండాల వానలెట్లున్నయ్? పత్తి ఏమన్న కాసిందా?" అని మొదలుపెట్టాడు. రామి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కాసేపటికి కుక్క బరువంతా అతని అరచేతిలో వదిలేసి కళ్లు మూసుకుంది. అట్టలు కట్టిన బొచ్చు పలకలు పలకలుగా ఊడిపడింది. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి ఒక్కొక్క గోమారినీ నిటారుగా లాగాడు. నీళ్లలో కలిపిన మందు గుడ్డతో ఒళ్లంతా రాసి, నాకకుండా ఆరేదాకా దాని మూతి పట్టుకుని కూర్చున్నాడు. పనిలో పడి మెడ చుట్టూ అంచు కూడా తీశాడు, పెళ్లికొడుక్కి తీసినట్టు.

పని అయ్యాక కుక్క ఒళ్లు విదిలించి, పోతూ పోతూ అతని చెయ్యి నాకింది. రామి ఒడిలోంచి ఇన్ని పల్లికాయలు తీసి అరుగు మీద పోసింది. ఇన్నేళ్లలో ఇంత ఓపికగా తన చేతికింద కూర్చున్న గిరాకీ లేడని పోశాలుకు అనిపించింది. ఆ సంతోషం ఎవరితోనూ చెప్పుకోలేని సంతోషం. వీధి తలుపు తీసి ఎవరూ లేరని చూశాకే రామిని పంపాడు.

ఒక్కసారితో తీరే పని కాదది. గుడ్లు పొదిగి పిల్లలు వస్తాయి కాబట్టి రెండు వారాలకోసారి మందు రాయాలంది డాక్టరమ్మ. రామిని చూసి తండాలో ఇంకొందరు కూడా మంగళవారాలు వెనక సందులోంచి కుక్కలను తెచ్చారు. నాటు కుక్కలకు కటింగ్ అక్కర్లేదు, గోమార్లు తీసి మందు రాస్తే చాలు. ఎవరొచ్చినా పోశాలు చెప్పేది ఒకటే, "ఎవ్వలకు జెప్పకుండ్రి."

డాక్టరమ్మ ఒక రోజు పక్క హోటలుకు టీకి వచ్చి, పోశాలు షాపు గుమ్మంలో నిలబడి నెమ్మదిగా ఇంకో మాట కూడా చెప్పింది. "గోమార్లు కుక్క మీద గుడ్లు పెట్టవన్నా. గోడల పగుళ్లల్ల, గుడ్డల మడతల్ల పెడతయి. పిల్లలు గోడలెక్కుతయి. నువ్వు వాడిన గుడ్డ ప్రతిసారి ఉడుకునీళ్లల్ల ఉతికి, ఎర్రటెండల ఆరెయ్యాలె. మర్చిపోకు." పోశాలు బుద్ధిమంతుడిలా తల ఊపాడు.

ఎండలో ఆరేస్తే ఊరంతా చూడదా? తెల్లబొచ్చు అంటుకున్న గుడ్డ తీగె మీద వేలాడుతుంటే అదేంటని అడగరా? ఇంట్లో పెడదామంటే యాకమ్మ, "ఆ గుడ్డ, ఆ మిషను నా ఇంట్ల కనవడ్డయో, నేను మా అన్న ఇంటికి పోత" అని ఎప్పుడో చెప్పేసింది. అందుకని చన్నీళ్లలో జాడించి, తడి తడిగానే మిషనుతో కలిపి సంచిలో చుట్టి, షాపులో అద్దానికీ గోడకూ మధ్య సందులో దోపాడు. అక్కడైతే ఎవరి కంటా పడదు. ప్రతి మంగళవారం తీయడం, మళ్లీ దోపడం. తన తెలివికి తనే మురిసిపోయాడు, మూర్ఖుడు.

ఒక బుధవారం షాపు కిటకిటలాడుతోంది. కుర్చీలో ఎరువుల దుకాణం కనకయ్య. ఊళ్లో పలుకుబడి ఉన్న మనిషి, ఆయన కూర్చున్న కుర్చీలో కూర్చోవడం మిగతావాళ్లకు గొప్ప. వచ్చే ఆదివారం కురవి వీరన్న గుడి దగ్గర మనవడి పుట్టెంట్రుకలు పెట్టుకున్నారు. బంధుబలగమంతా వస్తుంది. పోశాలుకే ఆ పని ఒప్పజెప్పారు.

"కొత్త బట్టలు పెడుతం. పొద్దుగాలనే బండి పంపుత, ఎక్కి రావాలె" అంటున్నాడు కనకయ్య. "సరే పటేలా" అంటూ పోశాలు నురగ రాస్తున్నాడు.

మెడ చుట్టూ కట్టిన తెల్లగుడ్డ మీద గోమారి నడుస్తోంది. పెసరగింజంత లేదు. తొందరేమీ లేనట్టు కనకయ్య ఛాతీ మీదుగా గడ్డం వైపు పోతోంది. పోశాలు చూసేలోపు కనకయ్యే చూశాడు.

"గిదేందిరా?"

బెంచి మీద కూర్చున్న ఆటో దేవేందర్ మెడ చాచాడు. "గోమారి గదా! ఏందే పోశాలన్నా, తండా కుక్కలకు కటింగ్ జేస్తున్నవని ఎవలో అంటే నేను నమ్మలే. నిజమేనా ఏంది?"

దేవేందర్ నవ్వుకే అన్నాడు, అతనికి అన్నీ నవ్వుకే. కానీ బెంచి మీద ఉన్నవాళ్లంతా గుడ్డ మీద గోమారినే చూశారు. కనకయ్య నురగ మొహంతోనే పోశాలు చేతిలో కత్తి వంక చూశాడు. పోశాలు నవ్వాడు. "ఎవడే అన్నది? నేనేంది, కుక్కలేంది?" అన్నాడు.

సరిగ్గా అప్పుడే ధోళి లోపలికి వచ్చింది. రెండు వారాల మందు కోసం రామి దవాఖానకు తీసుకొచ్చినట్టుంది. రోడ్డు అటువైపు నుంచి పోశాలును చూసి పరుగెత్తుకొచ్చింది. జనం కాళ్ల మధ్య నుంచి దూరి, అతని ముందుకొచ్చి, వెనక్కి తిరిగి, పాదాల మధ్య ఒద్దికగా కూర్చుని గడ్డం పైకెత్తింది. అరచెయ్యి వచ్చి పట్టుకుంటుందని ఎదురు చూస్తోంది.

పోశాలు దాన్ని తన్నాడు.

కుక్క వెళ్లి కుర్చీ ఇనుపకాలికి తగిలి కుయ్యోమంది. పారిపోలేదు. తాను కూర్చోవడంలోనే ఏదో తప్పు జరిగిందనుకుందో ఏమో, మళ్లీ వచ్చి, ఈసారి ఇంకా సరిగ్గా కూర్చోబోయింది. పోశాలు మళ్లీ తన్నాడు. మొదటిది భయంలో కాలు దానంతటదే లేచిందని చెప్పుకోవచ్చు. రెండోది అతను చూసి, ఆలోచించి, అందరికీ కనిపించేలా తన్నాడు.

"ఎవలిదే ఈ కుక్క? కుక్కలను తోల్కొచ్చి షాపులల్ల జొర్రగొడ్తరానే?" అని గుమ్మం వైపు అరిచాడు. గుమ్మంలో రామి నిలబడి ఉంది. ఇంతకాలం అక్కా అని పిలిచిన మనిషిని ఒసే, ఏమే అన్నట్టు పిలిచాడు.

రామి అతని మొహంలోకి చూసింది. తర్వాత కనకయ్యనూ, తెల్లగుడ్డనూ, బెంచి మీద వాళ్లనూ చూసింది. ఆమెకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"మాదే అయ్యా. తప్పయింది" అంది. "దానికి గిదొక పాడలవాటు. ఎవ్వల జూసినా గిట్లనే మీద మీదకు పోతది. ఈ అయ్య దగ్గరికి రావుడు గిదే మొదలు."

"మరి దానికి గంత మంచిగ కటింగ్ ఎవలు జేసిండ్రే అవ్వా?" దేవేందర్ వదల్లేదు.

"నేనే. ఇంట్ల కత్తెర ఉన్నది."

ధోళి మెడ చుట్టూ తీసిన అంచు అందరికీ కనిపిస్తూనే ఉంది. ముసలిదాని కత్తెరకు అలాంటి అంచు వస్తుందో రాదో అక్కడున్న ఏ మగాడికైనా తెలుసు, అందరి మెడల మీదా అదే అంచు ఉంది. రామి వంగి, కుక్క కాళ్ల మట్టి అంటిన నేలను కొంగుతో తుడిచింది. కుక్కను ఎత్తుకుని, మందు కూడా తీసుకోకుండానే ఆటోల వైపు వెళ్లిపోయింది.

"గోమారి ఆ కుక్క మీదికెల్లే రాలి ఉంటది" అన్నాడు కనకయ్య. కుక్క రాకముందే గోమారి నడిచిందన్న సంగతి ఆయన మరిచిపోయాడో, మరిచిపోవాలనుకున్నాడో. "కానియ్ కానియ్. ఆదివారం మరువకు." పోశాలు బతికిపోయాడు. షాపు నిలబడింది, పేరు నిలబడింది. గడ్డం గీస్తుంటే చెవి కింద చిన్న గాటు పడింది. కనకయ్యకు గాట్లు పడటం అదే మొదలు.

మధ్యాహ్నం షట్టరు సగం దించి, అద్దం పక్కకు జరిపాడు. సంచి మడతల్లో, గోడ పగుళ్లలో, అద్దం చెక్క వెనక అవే. నూగుగింజల్లాంటి పిల్లలు వరుసగా పైకి ఎక్కుతున్నాయి. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టే జరిగింది. అవి రామి కుక్క తెచ్చినవి కావు. సిగ్గుపడి తనే దాచి, తనే పెంచినవి. రామి తన మీద వేసుకున్న నింద కూడా పోశాలుదే.

అద్దం ఖాళీగా నిలబడి ఉంది. అందులో తన మొహం కనిపించింది. పొద్దున దేవేందర్ మాటకు నవ్విన నవ్వు ఎక్కడిదో అప్పుడు గుర్తొచ్చింది. ఎద్దు తోక కత్తిరించిన రోజు తండ్రి నవ్విన నవ్వే. కానీ తండ్రి ఎద్దును తన్నలేదు. ఇన్నాళ్లూ ఎవరిని చూసి సిగ్గుపడ్డాడో ఆ మనిషి తనకంటే మేలని తెలిసేసరికి పోశాలు కుర్చీ పక్కనే చతికిలబడ్డాడు. ఏడవాలనుంది, ఏడుపు రాలేదు. ఒంటి మీద ఇంకా ఏదో పాకుతున్నట్టే ఉంది.

యాకమ్మకు సంగతి సాయంత్రానికే తెలిసింది. తిడుతుందని ఎదురు చూశాడు. ఆమె తిట్టలేదు. అన్నం పెట్టి, పక్కన కూర్చోకుండా లేచిపోయింది.

మర్నాడు డాక్టరమ్మ టీకి వచ్చినప్పుడు, "రామవ్వ మందు తీసుకోకుండనే పోయింది. ఆ కుక్కకు రక్తం ఇంకా పట్టలే, మళ్ల జొరమొస్తే ఆగదు" అంది. బుధవారం జరిగింది ఆమెకు తెలుసో తెలియదో. ఆమె కళ్లలోకి చూసి తెలుసుకునే ధైర్యం పోశాలుకు లేదు. రేపు, ఎల్లుండి, ఆదివారం గడిచాక అని ఆ రోజంతా అనుకున్నాడు. ఆదివారం దాకా ఆగితే కురవి పోయి రావచ్చు, ఆ తర్వాత చాటుగా తండాకు మందు పంపవచ్చు. అలా అనుకున్న ప్రతిసారీ, గడ్డం ఎత్తి కూర్చున్న కుక్క కళ్లముందుకొచ్చింది.

శుక్రవారం పొద్దున షాపు పగుళ్లన్నీ సిమెంటు పెట్టి పూడ్చి, గోడలకు సున్నం కొట్టించాడు. కుక్కల గుడ్డను బస్టాండు ఎదురుగానే పొయ్యి పెట్టి సలసల కాగే నీళ్లలో ఉడకబెట్టాడు. షాపు ముందు తీగె మీద, ఎర్రటెండలో ఆరేశాడు. ఎంత ఉతికినా పోని తెల్ల వెంట్రుకలు రెండు మూడు దానికి ఇంకా అంటుకునే ఉన్నాయి. గుడ్డ ఆరాక ఇంటికి పోయి అటకెక్కాడు. తండ్రి పెట్టె దించి దుమ్ము తుడిచి, మిషను, పట్టకారు, గుడ్డ అందులో సర్దాడు. యాకమ్మ చూస్తూ నిలబడింది. వెళ్లి ఉప్పునీళ్ల డబ్బా తెచ్చి ఇచ్చింది.

డాక్టరమ్మ దగ్గర మందు తీసుకుని, పెట్టె చంకన పెట్టుకుని ఆటోల దగ్గరికి నడిచాడు. దేవేందర్ పెట్టె వైపు వింతగా చూశాడు.

"యాడికన్నా, పెట్టె బట్టుకొని?"

"తండాకు. కుక్కకు కటింగున్నది."

దేవేందర్ నవ్వబోయాడు. పోశాలు నవ్వలేదు. "మొన్న నువ్వన్నది నిజమే. తండా కుక్కలకు జేసేది నేనే. గోమారి నా షాపులదే" అన్నాడు. చుట్టూ ఉన్న డ్రైవర్లు తిరిగి చూశారు. దేవేందర్ అతన్ని తండాకు తీసుకెళ్లాడు. దింపి, ఆటో తిప్పుకుంటూ అప్పుడే ఫోను చెవికి పెట్టుకున్నాడు.

రామి గుడిసె ముందు మిరపకాయలు ఆరబోస్తోంది. పెట్టెతో వస్తున్న పోశాలును చూసి లేచి నిలబడింది. ధోళి మంచం కింద ఉంది. అతన్ని చూసి ఇంకా లోపలికి జరిగింది. ఎడమ పక్క డొక్క మీద, బొచ్చు తీసిన చోట, చర్మం కమిలి నల్లబడి ఉంది. పోశాలు దాన్ని చూడకుండా ఉండలేకపోయాడు.

"రామక్కా" అన్నాడు. చంకన ఉన్న పెట్టె నేల మీద దించాడు. "పాపం జేసిన అక్కా. నీకు, దీనికి గూడ."

"మందు తెచ్చినవా అయ్యా?" అంది రామి.

నేల మీద గొంతుక్కూర్చుని, తాత కూర్చున్నట్టే, పెట్టె తెరిచాడు. తండా పిల్లలూ పెద్దలూ చుట్టూ మూగారు. కుక్కను లాగలేదు, పిలవలేదు. అరచెయ్యి పైకి తిప్పి మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపటికి మంచం కింద నుంచి ముక్కు బయటికొచ్చింది. పొట్ట నేలకు ఆనించి పాకుతూ వచ్చింది. చెయ్యి వాసన చూసింది. వణుకుతూనే వెనక్కి తిరిగి, మోకాళ్ల మధ్య కూర్చుని, గడ్డం తెచ్చి అరచేతిలో పెట్టింది. అది కరిచి ఉంటే పోశాలు ఓర్చుకునేవాడు. దీన్ని ఓర్చుకోలేక అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు.

మిషను నడుస్తుండగా జేబులో ఫోను మోగింది. కనకయ్య. "పోశాలూ, ఆదివారం నువ్వు రాకు. మానుకోట కెల్లి వేరేటోన్ని మాట్లాడినం. ఇంట్ల ఆడోళ్లు పట్టువడ్తున్నరు. ఏమనుకోకు" అన్నాడు. మానుకోట అంటే మహబూబాబాదే, ఈ పక్కన అందరూ అలాగే అంటారు. "మంచిదే పటేలా" అని పోశాలు ఫోను పెట్టేశాడు. రేపు షాపు ముందు బెంచి ఎంత ఖాళీగా ఉంటుందో తెలుస్తూనే ఉంది. కమిలిన చోట మిషను తగలకుండా, ఆ పక్క వేళ్లతోనే వెతికి గోమార్లు తీశాడు.

మందు రాసి, ఆరేదాకా మూతి పట్టుకుని కూర్చుని, మంచం ఉన్న చోట గోడ పగుళ్లు పూడ్చమని, పరుపుగుడ్డలు ఎండలో వేయమని చెప్పాడు. రామి అన్నిటికీ తల ఊపింది. పల్లికాయలు తెచ్చి పోసింది. ఒడిలోంచి కాదు, చేటలో తెచ్చి, పెట్టె పక్కన దూరంగా పెట్టింది, కొత్త మనిషికి పెట్టినట్టు.

"రెండు వారాలకు మళ్ల రాయాలె. నేనే వస్త రామక్కా" అన్నాడు పోశాలు. ఆ ఒక్క పిలుపు కోసం కాసేపు నిలబడ్డాడు. తమ్మీ అంటుందేమో అని.

"మీ ఇష్టం అయ్యా" అంది రామి, మిరపకాయల వైపు తిరుగుతూ.

పెట్టె చంకన పెట్టుకుని తండా దాటేదాకా అతను తల ఎత్తలేదు. ధోళి మాత్రం తోక ఊపుకుంటూ రోడ్డు దాకా వెంట వచ్చింది.